ఒడిశా సరిహద్దు జిల్లాల్లో చిన్న మొత్తంతో ఇంటిస్థలం కొనడం ఎలా?

పర్లాకిమిడి, గుణుపూరు, రాయగడ, జయపురం వైపు ఉండే మన తెలుగువాళ్లలో స్థలం కొనాలనుకునే ప్రతివారూ ముందుగా అడిగేది ‘రేటు ఎంత పెరుగుతుంది?’ అని. నాలుగైదు లక్షలతో మొదలుపెట్టిన మనిషి రేటు పెరగక చెడిపోవడం నేను చూడలేదు. పట్టా చదవకుండా బయానా ఇచ్చి చెడిపోయినవాళ్లను మాత్రం ఏటా చూస్తూనే ఉన్నాను.

డబ్బు లెక్క తొందరగా తేలిపోతుంది. ఒడిశాలో స్టాంపు డ్యూటీ మగవారికి 5 శాతం, ఆడవారికి 4 శాతం. దానిపైన రిజిస్ట్రేషను ఫీజు 2 శాతం. నాలుగు లక్షల స్థలానికి మగవారి పేరనైతే 28 వేలు, ఆడవారి పేరనైతే 24 వేలు అవుతుంది. కాబట్టి స్థలం ఇంటి ఇల్లాలి పేరనే కొనాలి. ఇందులో నాకు రెండో మాట లేదు. కొలతలకు, దస్తావేజు రాతకు, కంచెకు చేతిలో ఉన్న దానిలో పదో వంతు విడిగా ఉంచుకోవాలి. ఖాళీ స్థలానికి అప్పు చేయకూడదు. స్థలం సొమ్ములో 20 వేలు, అంతకు మించిన మొత్తం నగదుగా తీసుకోవడం చట్టవిరుద్ధం కనుక బయానా కూడా బ్యాంకు ద్వారానే వెళ్లాలి.

విస్తీర్ణం గురించి బెంగపడనక్కరలేదు. ఇక్కడ డిసిమిల్ అనేదీ మన సెంటూ ఒక్కటే, అంటే 48.4 గజాలు. మొదటిసారి కొనేవారికి మూడు నాలుగు డిసిమిళ్లు చాలు. స్థలాన్ని శ్రావణమాసపు వానల్లో చూడాలి. వేసవిలో చూసి కొన్నవాళ్లు నీళ్లు ఎక్కడ నిలుస్తాయో తర్వాత తెలుసుకుంటారు. రాయగడ రైల్వే డివిజనుకు 2025 జనవరిలో శంకుస్థాపన జరిగినప్పటి నుంచి, స్టేషనుకు పాతిక కిలోమీటర్ల దూరంలోని పొలానికి కూడా ఆ పేరు చెప్పి రేటు కడుతున్నారు. అలాంటివారికి ఒక నమస్కారం పెట్టి వచ్చేయడం మేలు.

ఇక అసలు పని పట్టా చదవడం. మధ్యవర్తి ఇచ్చిన జెరాక్సును పక్కన పెట్టి, ఒడిశా ప్రభుత్వ భూరికార్డుల భూలేఖ్ వెబ్‌సైటులో జిల్లా, తహసీలు, గ్రామం ఎంచుకుని, ప్లాటు నంబరు కొట్టి పట్టాను మీరే తీయాలి. అది ఒడియాలో వస్తుంది. మనలో చాలామంది ఒడియా ధారాళంగా మాట్లాడతారు గానీ చదవలేరు. నష్టమంతా అక్కడే జరుగుతోంది. బడిలో ఒడియా చదువుకుంటున్న పిల్లలెవరినైనా పక్కన కూర్చోబెట్టుకుని, ఒక్కొక్క గడినీ పైకి చదివించుకోవాలి. మొదటి పుటలో ఖాతా నంబరు, రైతు (అంటే భూమి హక్కుదారు) పేరు, తండ్రి పేరు, జాతి (అంటే కులం లేదా తెగ), నివాసం ఉంటాయి. రెండో పుటలో ప్లాటు నంబరు, కిసమ్ అనే భూమి రకం, విస్తీర్ణం, చివరన మంతవ్య అనే రిమార్కుల గడి ఉంటాయి.

వీటిలో జాతి గడి దగ్గర ఆగాలి. మా తోడల్లుడు పాతపట్నం నుంచి వచ్చి, గుణుపూరు దగ్గర ఆరు డిసిమిళ్లకు లక్ష రూపాయలు బయానా ఇచ్చిన తర్వాత నాకు చెప్పాడు. అతని దగ్గరున్న జెరాక్సులో రైతు పేరు, ఖాతా నంబరు స్పష్టంగా ఉన్నాయి. కాగితాన్ని మడిచి తీసిన కాపీ కావడంతో వాటి పక్కన ఒక నల్లటి గీత, ఆ తర్వాత ఖాళీ. ఇంటర్నెట్‌లో పట్టా తీసి మా మేనకోడలితో చదివించగా, ఆ మడత కింద ఉన్న మాట ‘సవర’ అని, అంటే అది గిరిజనుల భూమి అని తేలింది. అమ్మజూపినవారి ఇంట్లో అందరూ తెలుగే మాట్లాడతారు, ఇంటిపేరు కూడా మనకు అలవాటైనదే. సరిహద్దులో మాటను బట్టి, పేరును బట్టి ఎవరు ఎవరో పోల్చడం కుదరదు.

కోరాపుట్, రాయగడ, నవరంగపూర్, మల్కన్‌గిరి జిల్లాలు పూర్తిగా షెడ్యూల్డు ప్రాంతం, అంటే గిరిజనుల రక్షణకు రాజ్యాంగం కింద ప్రకటించిన ప్రాంతం. గజపతి జిల్లాలో పాత ఆర్. ఉదయగిరి తహసీలు, గుమ్మా, రాయగడ బ్లాకులు కూడా అందులోకే వస్తాయి (ఈ రాయగడ బ్లాకు వేరు, రాయగడ జిల్లా వేరు, ఈ తికమకలోనే కొందరు మునిగారు). ఈ ప్రాంతాల్లో గిరిజనుల భూమి గిరిజనేతరులకు బదిలీ కాదు. గిరిజనుల భూబదిలీపై వచ్చిన 1956 నాటి రెగ్యులేషనులో అధికారి అనుమతితో అమ్మే వీలుండేది; 2002లో అమల్లోకి వచ్చిన సవరణ దాన్నీ తీసివేసింది. 2023 నవంబరులో ఆ వీలును తిరిగి కల్పించాలని రాష్ట్ర మంత్రివర్గం నిర్ణయించి, వ్యతిరేకత రావడంతో వెనక్కి తగ్గింది. ‘చట్టం మారింది కదా’ అని మధ్యవర్తులు ఇప్పటికీ చెప్పేది ఆ ఆగిపోయిన నిర్ణయం గురించే. షెడ్యూల్డు ప్రాంతం వెలుపల కూడా ఎస్సీ, ఎస్టీల భూమిని ఇతరులు కొనాలంటే రెవెన్యూ అధికారి రాతపూర్వక అనుమతి ఉండాలి.

నేటి రైతు గిరిజనేతరుడైతే చాలదు. 1956 అక్టోబరు 4 తర్వాత ఎప్పుడైనా ఆ భూమి గిరిజనుల పేర ఉండి అక్రమంగా చేతులు మారి ఉంటే, దాన్ని అసలు హక్కుదారులకు తిరిగి ఇప్పించే అధికారం సబ్ కలెక్టరుకు ఉంది. మధ్యలో ఎన్ని దస్తావేజులు రిజిస్టరైనా అవి అడ్డురావు. అందుచేత పాత సెటిల్‌మెంటు (భూసర్వే) నాటి పట్టా దాకా వెనక్కి వెళ్లి చూడాలి. 1936కు ముందు ఈ నేల మద్రాసు ప్రెసిడెన్సీలోనిదే కాబట్టి కొన్ని ఇళ్లలో పాత కాగితాలు తెలుగులోనే దొరుకుతాయి, వాటిని చదవడం మనకు తేలిక. ఎవరో గిరిజనుడి పేర కొని అనుభవించవచ్చని సలహా ఇచ్చేవారుంటారు. అది బినామీ నేరం; పైగా తరతరాలుగా పోగొట్టుకున్నవాళ్ల నేలను కాపాడటానికి వచ్చిన చట్టాన్ని దొడ్డిదారిన తప్పించుకోవడం.

ఆ తర్వాత కిసమ్ చూడాలి. ‘ఘరబారి’ అని ఉంటే ఇంటిస్థలం. ‘శారద’ అని ఉంటే వరిపొలం. 1960 నాటి భూసంస్కరణల చట్టం 8-ఎ సెక్షను కింద తహసీల్దారు దగ్గర మార్పించిన తర్వాతే కొనాలి, ఆ మార్పు అమ్మేవారే చేయించాలి. ‘గోచర’ అంటే పశువుల మేతభూమి, ప్రభుత్వానిది. దాని పక్క ప్లాటు కూడా నేను కొనను. పట్టా ఇంకా అమ్మేవారి తండ్రి పేరనే ఉంటే కూతుళ్లతో సహా వారసులందరూ సంతకం పెట్టాలి.

ఇంత శ్రమ ఎందుకు, విశాఖ వైపు వెంచరులో నెలకు ఐదు వేల చొప్పున వాయిదాల్లో కట్టవచ్చు కదా అంటారు. 500 చదరపు మీటర్లు దాటిన లేఅవుటు రెరాలో, అంటే రియల్ ఎస్టేటు నియంత్రణ సంస్థలో, నమోదై ఉండాలి. రిజిస్టరైన ఒప్పందం లేకుండా ధరలో 10 శాతానికి మించి తీసుకోకూడదు. ఈ రెండు ప్రశ్నలు అడిగిన రోజు నుంచి ఆ ఏజెంట్లు మా వీధికి రావడం మానేశారు. మీ ఊరి అరుగు మీద కూర్చుని వాకబు చేయగలిగిన మూడు డిసిమిళ్లు, బ్రోషరులోని రెండు వందల గజాల కన్నా మంచివి.

మిగిలినవి తేలిక. సబ్ రిజిస్ట్రారు దగ్గర 30 ఏళ్లకు ఈసీ (ఆ స్థలంపై జరిగిన లావాదేవీలు, తాకట్టుల పత్రం) తీసుకోవాలి. అమీన్‌తో (సర్వేయరుతో) నక్షా అనే గ్రామపటం ప్రకారం కొలిపించి, పక్క ప్లాట్లవారి ఎదుట రాళ్లు పాతించాలి. ఆ తర్వాతే బయానా, ఒప్పందం, రిజిస్ట్రేషను. జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ) మీద కొనుగోలు వద్దు; దానితో యాజమాన్యం రాదని సుప్రీంకోర్టు 2011లోనే చెప్పింది. రిజిస్ట్రేషను కాగానే మ్యుటేషను (రికార్డులో పేరు మార్పు) మీ పేర అయ్యేలా తహసీలులో వెంటబడి, ఖజణా (భూమిశిస్తు) కట్టి రసీదు దాచుకోవాలి.

కొత్త పట్టా వచ్చినప్పుడు మళ్లీ ఆ పిల్లలనే పిలిచి చదివించుకోవాలి. మనం ఇంటిపేరు ముందు రాసుకుంటాం, ఒడియాలో చివర రాస్తారు; నా మొదటి పట్టాలో మా ఇంటిపేరు నా పేరుగా, నా పేరు ఇంటిపేరుగా పడింది. అది సరిచేయించుకోవడానికి ఏడు నెలలు తిరిగాను.