ఒక్క కాలే వాచిందా? రుద్దకండి

పోయిన వారం ఒకాయన కర్ర సాయంతో మా ఫిజియోథెరపీ గదికి వచ్చారు. చీలమండ దగ్గర ఎముక విరిగి 5 వారాలు పిండికట్టులో ఉన్నారు. కట్టు విప్పి నాలుగు రోజులైంది. "పిక్క పట్టేసిందండీ, గట్టిగా పిసికితే వదిలేస్తుంది" అన్నారు. రెండు రోజులుగా ఇంట్లో భార్య, కొడుకు వంతులేసుకుని బామ్ రాసి రుద్దుతున్నారట. నేను చేయి వేయలేదు, టేపు తీశాను. మోకాలి చిప్ప కింద తగిలే ఎముక గుబ్బ నుంచి 10 సెంటీమీటర్లు కిందికి, రెండు కాళ్లకూ ఒకే చోట కొలిచాను. 4 సెంటీమీటర్ల తేడా ఉంది. 3 దాటితే చాలు, గడ్డ ఉందేమోనని అనుమానించాలి. రక్తనాళాల్లో రక్తం పారే తీరు చూపే డాప్లర్ స్కాన్‌కి పంపితే తొడ దాకా రక్తం గడ్డ కనబడింది.

ఈయన బతికిపోయారు. కొన్నేళ్ల కిందట ఒకావిడ ఇలాగే పిక్క పిసికించుకుంటూ ఉండగా ఆయాసం వచ్చి ఒరిగిపోయారు. ఆస్పత్రి గేటు దాకా కూడా రాలేదు.

ఆపరేషన్‌కి తేదీ ఇచ్చినవాళ్లు, కాలికి కట్టు పడినవాళ్లు, కాన్పు దగ్గరపడినవాళ్లు, దూరప్రయాణం పెట్టుకున్నవాళ్లు ఇది చదవండి. నీళ్లు తాగండి, మధ్యమధ్యలో లేచి నడవండి అని అందరూ చెబుతూనే ఉంటారు కాబట్టి అది వదిలేస్తున్నాను.

గడ్డ ఎందుకు కడుతుంది

రక్తం కదలకుండా నిలవడం, రక్తనాళం గోడ దెబ్బతినడం, రక్తానికే గడ్డకట్టే గుణం పెరగడం. జర్మన్ వైద్యుడు రుడాల్ఫ్ విర్హో పేరు మీద ఈ మూడు కారణాలనూ నేటికీ చెప్పుకుంటున్నాం. పెద్ద ఆపరేషన్ జరిగితే మూడూ ఒకేసారి కలుస్తాయి. 1940లో లండన్ మీద బాంబులు పడుతున్నప్పుడు జనం షెల్టర్లలో రాత్రంతా మడత కుర్చీల్లో కూర్చునేవారు. బాంబు తగలకుండానే కొందరు ఉన్నట్టుండి చనిపోయారు. శవపరీక్షలు చేసిన కీత్ సింప్సన్ ఊపిరితిత్తుల్లో గడ్డలు చూసి, కుర్చీ ముందంచు తొడల కింద నొక్కడమే కారణమని రాశారు.

అయినా మనవాళ్లు విమానానికి భయపడతారు కానీ ఆపరేషన్‌కి భయపడరు. 4 గంటలు మించిన ప్రయాణంతో ముప్పు రెట్టింపవుతుంది, నిజమే. కానీ ఆరోగ్యంగా ఉన్నవాళ్లలో అది దాదాపు 6000 మందిలో ఒకరికి. తుంటి కీలు మార్పిడి తర్వాత గడ్డకట్టకుండా ఇచ్చే మందు లేకుండా ఉంటే ముప్పు దీనికి ఎన్నో రెట్లు.

రుద్దితే ఏమవుతుంది

పిక్కలోని సిరలో గడ్డ ఒక కొస అతుక్కుని, రెండో కొస రక్తంలో ఊగుతూ ఉండొచ్చు. పిసికినప్పుడు ఆ కొస తెగితే తొడ మీదుగా గుండె కుడివైపుకి, అక్కడి నుంచి ఊపిరితిత్తులకి పోతుంది. రుద్దకపోయినా తెగొచ్చు. అయితే రుద్దడంలో ఇంకో నష్టం ఉంది. కాసేపు హాయిగా అనిపిస్తుంది, స్కాన్ రేపటికి వాయిదా పడుతుంది, ఆ రేపు ఎల్లుండి అవుతుంది. కట్టు విప్పాక కొంత వాపు మామూలే కాబట్టి పొరబడటం ఇంకా సులువు. మళ్లీ చెబుతున్నాను: ఒక్క కాలే వాస్తే, స్కాన్ అయ్యేదాకా రుద్దకండి.

రక్తం పలచబరిచే మందు మొదలుపెడితే ఎంత తేడా వస్తుందో 1960లోనే తేలింది. బ్రిస్టల్‌లో బారిట్, జోర్డాన్ అనే వైద్యులు ఊపిరితిత్తుల్లో గడ్డ చేరిన 35 మందిని పరీక్షించారు. మందు ఇవ్వని 19 మందిలో 5 మంది గడ్డ వల్లే చనిపోయారు. మందు ఇచ్చిన 16 మందిలో గడ్డతో ఒక్కరూ పోలేదు. ఇక మందు ఇవ్వకుండా ఉంచడం తప్పని, అందరికీ ఇవ్వడం మొదలుపెట్టారు.

ఆపరేషన్‌కి ముందు

ఇంతకుముందు మీకు గానీ, రక్తసంబంధీకులకు గానీ గడ్డ కట్టిందా, క్యాన్సర్ ఉందా, ఈస్ట్రోజన్ అనే హార్మోను ఉన్న మాత్రలు (కొన్ని గర్భనిరోధక మాత్రల్లాంటివి) వాడుతున్నారా, అడక్కపోయినా మీరే చెప్పండి. గడ్డకట్టకుండా మందు ఎన్ని రోజులో రాయించుకోండి. తుంటి మార్పిడికి 35 రోజుల దాకా ఉంటుంది. ఆ మందు పొట్ట మీద సూదిగా ఇస్తే, నొప్పని ఇంటికొచ్చాక మానేసేవాళ్లే ఎక్కువ. మానకండి. చాలా గడ్డలు డిశ్చార్జి అయ్యాకే కడతాయి.

ఇక మిగతావి వరసగా:

నొప్పి లేదు కదా అని ఊరుకోవద్దు, నొప్పి లేకుండానూ గడ్డ ఉంటుంది.

పాదం పైకి వంచి చూసి "ఏం కాదు" అని తేల్చేయొద్దు. ఆ పరీక్షను నమ్మడానికి లేదు.

గర్భిణికి ఎడమ కాలు వాస్తే ఇంకా తొందరపడండి. ఎడమ సిరను పైనున్న ధమని నొక్కుతుంది, అందుకే ఎక్కువగా ఆ కాలికే వస్తుంది. కాన్పయ్యాక 6 వారాల దాకా ఈ ముప్పు పోదు.

రుద్దొద్దు. వైబ్రేటర్ మసాజ్ మిషన్ కూడా రుద్దడమే.

బిగుతు సాక్సులు సొంతంగా కొని తొడగొద్దు. కాలి ధమనులు సన్నబడ్డవాళ్లకు వాటితో పుండ్లు పడతాయి.

కాలు వాయకుండా పాలిపోయి, చల్లబడి, స్పర్శ తగ్గితే అది వేరే జబ్బు. ధమని మూసుకుపోయింది. వేడినీళ్లు పెట్టొద్దు, గంటల్లో కాలు పోతుంది, ఎమర్జెన్సీకి వెళ్లండి.

రక్తం పలచబరిచే మందు వాడుతూ డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటి నొప్పి మాత్రలు మింగొద్దు.

వాపు తగ్గిందని మాత్రలు ఆపొద్దు. కనీసం 3 నెలలు. ఎప్పుడు ఆపాలో డాక్టరే చెప్పాలి.

మందు మొదలయ్యాక మంచానికి అతుక్కుపోవద్దు. డాక్టరు నడవమంటే నడవండి.

ఉన్నట్టుండి ఆయాసం, ఊపిరి పీలిస్తే ఛాతీలో పోటు, దగ్గులో రక్తం, కళ్లు తిరగడం: అంబులెన్స్. మీరే బండి నడుపుకుంటూ వెళ్లొద్దు, మెట్లు దిగొద్దు, స్ట్రెచర్ పైకే రానివ్వండి.

ఫిజియోథెరపిస్టు కొలవకుండా చేయి వేయబోతే "ముందు కొలవండి" అని కాలు వెనక్కి లాక్కోండి.