రఫ్ షూటింగ్‌కు మొదటి గన్‌డాగ్: కొనేముందు తీసుకోవాల్సిన జాగ్రత్తలు

ఇంగ్లండ్‌లో వేటపక్షులైన పార్ట్రిడ్జ్ సీజన్ సెప్టెంబర్ 1న, ఫెజంట్ సీజన్ అక్టోబర్ 1న మొదలవుతాయి. రెండూ ఫిబ్రవరి 1తో ముగుస్తాయి. వేసవి చివరికొచ్చేసరికి, ఇక్కడ కొత్తగా షాట్‌గన్ సర్టిఫికెట్ (తుపాకీ అనుమతి) తీసుకున్న మన తెలుగువాళ్లలో ఎవరో ఒకరు గన్‌డాగ్ (తుపాకీ వేటలో తోడుగా పని చేసే కుక్క) గురించి అడుగుతూనే ఉంటారు: "అన్నా, మంచి కుక్కపిల్ల ఉంటే చెప్పు, ఈ సీజన్‌కి పనికొచ్చేలా." ఈ సీజన్‌కి పనికిరాదు. ఇవాళ తెచ్చిన ఎనిమిది వారాల పిల్ల నిలకడగా పని చేయడానికి దానికి దాదాపు ఏడాదిన్నర వయసు రావాలి. అంతకన్నా ముందే తుపాకుల మధ్యకు తీసుకెళ్తే ఆ కుక్క శాశ్వతంగా చెడిపోవచ్చు. కాబట్టి కొనేది వచ్చే ఏటి సీజన్ కోసమని ముందే మనసులో పెట్టుకోండి.

రఫ్ షూటింగ్‌లో పక్షులను తరిమి తుపాకుల వైపు తెచ్చే బీటర్లు ఉండరు. మీరు, మహా అయితే ఒకరిద్దరు స్నేహితులు, హెడ్జ్‌ల (పొలాల మధ్య పొద కంచెల) వెంట, ముళ్లపొదల్లో, తడి పొలాల్లో నడుస్తూ వెళ్తారు. పక్షిని వెతకడం, లేపడం, పడ్డాక వెతికి నలగకుండా తెచ్చివ్వడం, అవసరమైతే కాలవ దాటి తేవడం, అన్నీ ఒకే కుక్క పని. అదీ మీ ముందు ఇరవై, ఇరవై ఐదు గజాల్లోనే ఉండి చేయాలి. షాట్‌గన్ గుళ్లు గట్టిగా పని చేసేది ముప్పై ఐదు, నలభై గజాల వరకే. ఆ పరిధి దాటి లేచిన పక్షి ఎంత మంచి కుక్క లేపినా మీకు దక్కదు.

అందుకే జాతి పేరు చూసే ముందు మీరు నడిచే నేల చూడండి.

ముళ్లపొదలు, దట్టమైన హెడ్జ్‌లు ఉన్న నేల అయితే ఇంగ్లిష్ స్ప్రింగర్ స్పానియల్‌కు మించింది లేదు. నా ఓటు ఎప్పుడూ దానికే. అది పొదలోకి దూరినప్పుడు తోకను గమనించండి. వాసన తగలగానే తోక వేగం పెరుగుతుంది, నడుం కూడా దాంతోపాటే ఊగిపోతుంది, ముక్కు నేలకు అతుక్కుంటుంది. రెండు మూడు క్షణాల్లో ఫెజంట్ రెక్కలు టపటపలాడిస్తూ లేస్తుంది. సరిగ్గా అప్పుడే కుక్క కూర్చోవాలి. కూర్చోకుండా పక్షి వెంటపడి పైకి దూకిందా, ఇంకా ఎత్తుకు వెళ్లని పక్షి మీద గురిపెట్టిన తుపాకీ ముందుకు కుక్కే వస్తుంది. గుళ్లు తగిలే అసలు ప్రమాదం ఇక్కడే ఉంది. ఈ ఒక్క పాఠం పక్కాగా రాకుండా ఏ కుక్కనూ తుపాకీ దగ్గరకు తేవద్దు.

వర్కింగ్ కాకర్ (వేట పనికి పెంచే కాకర్ స్పానియల్) చిన్నది, కారులో చోటు తక్కువ తీసుకుంటుంది, చూడగానే ముచ్చటేస్తుంది. కానీ తెలివిలో స్ప్రింగర్‌కు తీసిపోకపోయినా సొంత ఆలోచనలు ఎక్కువ. మొదటిసారి నేర్పేవాళ్లకు తల ప్రాణం తోకకొస్తుంది. రెండో కుక్కగా తెచ్చుకోండి.

లాబ్రడార్ గురించి మనవాళ్లకు ఒక అపోహ ఉంది. హైదరాబాద్ అపార్ట్‌మెంట్లలో బొద్దుగా, నెమ్మదిగా తిరిగే లాబ్‌లను చూసి ఇక్కడి వర్కింగ్ లాబ్ కూడా అంతే అనుకుంటారు. ఇది సన్నగా, చురుగ్గా ఉండే వేరే రకం. నిలకడగా కూర్చుని, పడ్డ పక్షిని గుర్తుపెట్టుకుని తేవడంలో, చన్నీళ్లలోకి దూకడంలో దానికి సాటి లేదు. నేర్పడం కూడా తేలిక. పొదల్లోకి స్ప్రింగర్ అంత కసిగా దూరదు, అంతే. మీ నేలలో ముళ్లకన్నా నీళ్లు ఎక్కువగా ఉంటే, ఇంట్లో చిన్నపిల్లలుంటే, లాబ్‌నే ఎంచుకోండి.

జర్మన్ షార్ట్‌హెయిర్డ్ పాయింటర్, విజ్లా లాంటివి దూరంగా పరిగెత్తి, పక్షి వాసన తగిలితే కదలకుండా నిలబడతాయి. పక్షులు తక్కువగా ఉండే విశాలమైన మూర్‌ల (చెట్లు లేని బీడు నేలల) మీద అద్భుతం. చిన్న చిన్న పొలాల మధ్య మొదటి కుక్కగా మాత్రం వద్దు.

ఇక కొనే దగ్గర. స్ప్రింగర్‌లో షో లైన్ (ప్రదర్శనలకు పెంచే వంశాలు), వర్కింగ్ లైన్ (వేట పనికి పెంచే వంశాలు) ఎంతగా వేరుపడ్డాయంటే రెండూ ఒకే జాతా అనిపిస్తుంది. అడగాల్సింది వర్కింగ్ లైనే. అలాగని పెడిగ్రీ (వంశావళి కాగితం) నిండా ఎర్ర అక్షరాల్లో ఫీల్డ్ ట్రయల్ (వేటకుక్కల పోటీ) చాంపియన్లు ఉన్నాయని మురిసిపోవద్దు. ఆ వేగం, ఆ ఉత్సాహం అనుభవం ఉన్న చేతుల్లోనే అదుపులో ఉంటాయి. తల్లి కుక్క మామూలు షూట్ రోజుల్లో పని చేస్తుందా, ఇంట్లో ప్రశాంతంగా ఉంటుందా అని అడగండి. వీలైతే అది పొదల్లో పని చేస్తుంటే చూడండి. అరుస్తూ పని చేసే తల్లి పిల్లలను తీసుకోవద్దు. ఆ అలవాటు రక్తంలో వస్తుంది, మాన్పించడం దాదాపు అసాధ్యం.

ఇంగ్లండ్‌లో 2020 ఏప్రిల్ నుంచి ఆరు నెలల లోపు పిల్లలను మధ్యవర్తులు అమ్మకూడదు. తల్లిని చూపించకుండా పార్కింగ్‌లో కలుద్దాం అనేవాళ్ల మాట నమ్మొద్దు. మైక్రోచిప్ తప్పనిసరి. తోక కత్తిరించి ఉంటే వెటర్నరీ డాక్టర్ ఇచ్చిన సర్టిఫికెట్ చేతికి తీసుకోండి. ఐదు రోజుల వయసు లోపే డాక్టరే చేయాలన్నది చట్టం. లాబ్ అయితే తల్లిదండ్రుల హిప్ స్కోర్ (తుంటి కీళ్ల పరీక్ష) కాగితం చూడకుండా అడ్వాన్స్ ఇవ్వకండి. 0 నుంచి 106 వరకు ఇచ్చే ఆ స్కోర్ ఎంత తక్కువైతే అంత మంచిది. మోచేతి కీళ్లకు ఇచ్చే ఎల్బో గ్రేడ్ 0 ఉండాలి. కళ్ల పరీక్ష, లాబ్‌లలో శ్రమకు కుప్పకూలే జబ్బుకు చేసే డీఎన్‌ఏ పరీక్ష, స్పానియల్‌లలో వాటి జాతికి చెప్పిన డీఎన్‌ఏ పరీక్షలు అడగండి. అడిగినందుకు చిరాకుపడే బ్రీడర్ దగ్గర కొనాల్సిన అవసరం లేదు.

ఇంటికొచ్చాక అన్నిటికన్నా పెద్ద భయం తుపాకీ శబ్దం. ఒక్కసారి బెదిరిన కుక్కను మళ్లీ దారికి తేవడం చాలా కష్టం. "అలవాటు చేద్దాం" అని క్లే షూటింగ్ (గాలిలోకి విసిరే మట్టి పలకలను కాల్చే ఆట) మైదానానికి పట్టుకెళ్లడం క్రూరత్వమే. కుక్క డమ్మీ (విసిరి తెప్పించే బొమ్మ) కోసం హుషారుగా పరిగెత్తుతున్నప్పుడు, దూరంలో ఒకరు చిన్న శబ్దం చేయాలి. కుక్క భయంతో చెవులు వెనక్కి పెట్టకపోతే వారాల తరబడి కొద్దికొద్దిగా దగ్గరకు రావాలి. విజిల్ కూడా మొదటి నుంచి ఒకటే ఉంచండి. స్పానియల్‌కు చాలామంది ఆక్మే 210½ వాడతారు. పోయినా అదే స్వరంతో ఇంకోటి దొరుకుతుంది. గొర్రెలున్న పొలంలో మాత్రం కుక్కను తాడు లేకుండా వదలొద్దు. గొర్రెలను తరిమే కుక్కను రైతు కాల్చినా చట్టం అతని వైపు నిలబడే సందర్భాలున్నాయి.

మొదటి సీజన్‌లో మొదటి కొన్ని రోజులు మీ తుపాకీ ఇంట్లోనే ఉంచండి. స్నేహితుడు కాల్చాలి, మీ కళ్లు కుక్క మీదే ఉండాలి. చేతిలో తుపాకీ ఉంటే పక్షి లేచిన క్షణంలో కుక్క కూర్చుందో లేదో చూడరు, మీరు చూడటం లేదని కుక్క గ్రహించడానికి రెండు పూటలు చాలు. సెప్టెంబర్‌లో ఎండ ముదరకముందే ఉదయం పని చేయించి నీళ్లు తాగించండి. కడుపు నిండా తిండి పెట్టి పనికి తీసుకెళ్లొద్దు, పొట్ట ఉబ్బి మెలిపడితే ప్రాణాంతకం. ఇంటికి రాగానే ఒళ్లంతా చేత్తో తడమండి: కాలివేళ్ల మధ్య ముళ్లు, ముళ్లతీగ గీరిన గాట్లు, చెవుల్లో గడ్డిగింజలు, చంకల్లో పిడుదులు. వేళ్ల మధ్య వాపు కనిపించి కుక్క అదే చోట నాకుతుంటే గడ్డిగింజ లోపలికి దిగిందనుకుని మర్నాడే డాక్టర్‌కు చూపించండి. రాత్రివేళ తెరిచి ఉండే వెటర్నరీ క్లినిక్ నంబర్ సీజన్‌కు ముందే ఫోన్‌లో సేవ్ చేసుకోండి.