వాట్సాప్‌లో వచ్చిన వార్త నిజమో కాదో ఎలా తేల్చుకోవాలి?

హైదరాబాద్‌లో గట్టి వాన పడ్డ రాత్రి అపార్ట్‌మెంట్ గ్రూపుల్లో మూడు మెసేజీలు ఖాయం: హిమాయత్ సాగర్ జలాశయం గేట్లు ఎత్తేశారు, రేపు బడులకు సెలవు, ఫలానా రోడ్డు కొట్టుకుపోయింది (దీనికి వీడియో కూడా). ఇందులో నిజమూ ఉండొచ్చు. ఏది నిజమో ఇంట్లో కూర్చునే చాలామటుకు తేల్చుకోవచ్చు.

1. ఈ సంగతి ముందుగా ఎవరికి తెలియాలి?

అన్నిటికన్నా ఎక్కువ పనికొచ్చే ప్రశ్న ఇదే. పంపినవాళ్లు మంచివాళ్లా, చదువుకున్నవాళ్లా అన్నది పక్కన పెట్టండి. గేట్లు ఎత్తేది నగరానికి మంచినీళ్లిచ్చే జలమండలి. వాన హెచ్చరిక ఇచ్చేది బేగంపేటలోని వాతావరణ కేంద్రం. వాహనాలు మళ్లించేది ట్రాఫిక్ పోలీసులు. మెసేజ్‌లో ఉన్న లింకు నొక్కకుండా, వాళ్ల అధికారిక ఖాతాను మీరే వెతికి తెరవండి.

అసలు ప్రకటనలో వివరాలుంటాయి: ఎన్ని గేట్లు, ఎన్ని అడుగులు ఎత్తారు, ఎన్ని క్యూసెక్కులు వదులుతున్నారు. హిమాయత్ సాగర్ పూర్తి మట్టం 1,763.50 అడుగులు, ఉస్మాన్ సాగర్‌ది 1,790 అడుగులు. ఆ రోజు మట్టాన్ని వీటితో పోల్చి చూడండి. వరద ఎక్కువగా వస్తుంటే పూర్తిగా నిండకముందే నీళ్లు వదలడం మామూలే. కానీ మట్టం బాగా కింద ఉన్నప్పుడు గేట్లు ఎత్తారంటే అనుమానించాల్సిందే.

సెలవు మెసేజ్‌లో ఇంకో మెలిక ఉంది. వానలకు సెలవు చాలాసార్లు జిల్లా కలెక్టరే ఇస్తారు. మనం చిరునామాలో అందరం హైదరాబాద్ అనే రాసుకుంటాం గానీ, కూకట్‌పల్లి మేడ్చల్-మల్కాజిగిరి జిల్లాలో ఉంది, గచ్చిబౌలి, ఎల్బీనగర్ రంగారెడ్డి జిల్లాలో ఉన్నాయి. పక్క జిల్లాకు ఇచ్చిన నిఖార్సైన ఉత్తర్వు మీ పిల్లల బడికి వర్తించకపోవచ్చు. ఉత్తర్వు ఫొటోలో జిల్లా పేరు, తేదీ, సంవత్సరం చూడండి. తేదీ దగ్గర కత్తిరించి ఉంటే అది పాతదే అనుకుని, బడివాళ్ల గ్రూపులో అడగండి.

2. ఫొటో, వీడియో పుట్టిన చోటు వెతకండి

పూర్తిగా సృష్టించిన వీడియోల కంటే నాకు ఎక్కువ చిరాకు తెప్పించేవి పాత వీడియోలు. 2020 అక్టోబరు వరదల వీడియో అబద్ధమేమీ కాదు, ఈ ఏడాదిది మాత్రం కాదు. వీడియో ఆపి, స్పష్టంగా ఉన్న చోట స్క్రీన్‌షాట్ తీసి, బొమ్మతో వెతికిపెట్టే గూగుల్ లెన్స్‌లో వేయండి. అదే బొమ్మ మూడేళ్ల కిందటి వార్తలో కనిపిస్తే పని అయిపోయినట్టే.

ఏమీ దొరక్కపోతే బోర్డులు, నంబరు ప్లేట్లు చూడండి. టీజీ ప్లేటు కనిపిస్తే ఆ వీడియో 2024 మార్చికి ముందుది కాదు. టీఎస్, ఏపీ ప్లేట్లతో కాలం తేలదు, ఆ బండ్లు ఇప్పటికీ తిరుగుతున్నాయి. దుకాణాల బోర్డులన్నీ వేరే భాషలో ఉంటే అది మన అత్తాపూర్ ఎలా అవుతుంది?

టీవీ చానల్ లోగో ఉన్న బ్రేకింగ్ న్యూస్ స్క్రీన్‌షాట్‌నూ నమ్మొద్దు. అలాంటివి ఎవరైనా తయారుచేయగలరు. ఆ చానల్ సొంత పేజీలో ఉందో లేదో చూడండి.

3. జంట బాణాలు గమనించండి

వాట్సాప్ మెసేజ్ పైన రెండు బాణాల గుర్తుంటే, అది కనీసం అయిదు చేతులు మారి వచ్చిందని. అందువల్ల అది అబద్ధమైపోదు. రాసిందెవరో పంపినవాళ్లకు తెలియదన్నది మాత్రం దాదాపు ఖాయం. 2020 ఏప్రిల్ నుంచి ఇలాంటివాటిని ఒకసారికి ఒక్క చాట్‌కే పంపనిస్తున్నారు. అంతకుముందు 2018లోనే మన దేశంలో ఫార్వర్డులకు అయిదు చాట్ల పరిమితి పెట్టారు. ఆ ఏడాది మే నెలలో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలంటూ తెలంగాణలో ఫార్వర్డులు తిరిగాయి. ఆ భయంలోనే హైదరాబాద్ చాంద్రాయణగుట్టలో ఒక ట్రాన్స్‌జెండర్ మహిళను గుంపు కొట్టి చంపింది. అందుకే ముఠాలు, కిడ్నాపుల మెసేజీలను తేల్చుకునేదాకా ఎవరికీ పంపకండి. మరీ భయమేస్తే 112కు ఫోన్ చేయండి.

4. ఇంతకుముందే ఎవరైనా తేల్చారేమో చూడండి

మెసేజ్‌లోని ముఖ్యమైన రెండు మాటలకు ‘ఫ్యాక్ట్ చెక్’ చేర్చి తెలుగులోనే వెతకండి. హైదరాబాద్ నుంచి పనిచేసే నిజనిర్ధారణ సైటు ఫ్యాక్ట్‌లీ తెలుగులోనూ రాస్తుంది. కేంద్ర ప్రభుత్వ పథకాల సంగతైతే ఆ ప్రభుత్వ సమాచార విభాగమైన పీఐబీ నడిపే ఫ్యాక్ట్ చెక్ ఉంది, కాకపోతే అది ప్రభుత్వం తన గురించి తాను చెప్పుకునే మాటేనని గుర్తుంచుకోవాలి. అయినా తేలిన పుకారు అంత తొందరగా చావదు. పది రూపాయల బిళ్లలు చెల్లవన్న పుకారే చూడండి: అవి 14 రకాలున్నాయనీ, అన్నీ చెల్లుతాయనీ రిజర్వ్ బ్యాంక్ 2018 జనవరిలోనే చెప్పింది. ఆ తర్వాత కూడా వాటిని వద్దన్న కిరాణా కొట్లు, ఆటోలు మన ఊళ్లో బోలెడు.

5. తప్పని తేలితే

గ్రూపులో అందరి ముందూ పెద్దవాళ్లను దిద్దితే వాళ్లు మెసేజ్‌ను కాదు, మిమ్మల్ని గుర్తుపెట్టుకుంటారు. “పెదనాన్నా, ఇది 2020 నాటి వీడియోనట, ఇదిగో అప్పటి వార్త” అని విడిగా పంపండి. ఆయనే తీసేస్తే మంచిది. వాట్సాప్‌లో అందరికీ కనిపించకుండా తీసేసే వీలు రెండు రోజులకు కాస్త పైగా మాత్రమే ఉంటుంది. ఆ గడువు దాటితే, అదే మెసేజ్‌కు రిప్లైగా అసలు సంగతి పెట్టమనండి. కొత్తగా కింద రాస్తే శుభోదయాల మధ్య అది ఎవరికీ కనపడదు.