ఆర్గానిక్ లేబుల్ నిలబడాలంటే: సర్టిఫికెట్, తూకం, గోదాము, లేబుల్ రోల్

ఆర్గానిక్ నువ్వులూ మామూలు నువ్వులూ రెండు పళ్ళాల్లో పోసి ముందు పెడితే ఎంత చెయ్యితిరిగిన వ్యాపారికైనా ఏవి ఏవో చెప్పడం సాధ్యం కాదు. రంగు, రుచి, వాసన అన్నీ ఒకటే. చాలాసార్లు ల్యాబ్ రిపోర్టు కూడా ఒకేలా వస్తుంది. ఆర్గానిక్ అనేది సరుకును పండించి, నిల్వచేసి, ప్రాసెస్ చేసిన పద్ధతికి పెట్టిన పేరు. ఆ పద్ధతి పాటించారనడానికి రుజువు సరుకు వెంట నడవాలి. సరుకు చేతులు మారే ప్రతిచోటా ఆ రుజువు జారిపోయే వీలుంది. మోసం దూరేదీ, పొరపాటున కలగలిసిపోయేదీ ఆ సందుల్లోనే. ఆర్గానిక్ సరుకు కొని, శుభ్రం చేసి, ప్రాసెస్ చేసి, ప్యాక్ చేసే యూనిట్లు ఆ సందులను ఎలా మూసుకోవాలో ఇక్కడ చెబుతున్నాం.

కొనేముందు కాగితం చదవడం

సరఫరాదారు పంపే సర్టిఫికెట్లు రెండు రకాలు. వాటిని కలగాపులగం చేయడమే మొదటి తప్పు. స్కోప్ సర్టిఫికెట్ 'ఈ వ్యక్తి లేదా సంస్థ ఫలానా పంటలను ఆర్గానిక్‌గా పండించడానికి, ప్రాసెస్ చేయడానికి అర్హత పొందింది' అని మాత్రమే చెబుతుంది. మీ లారీలో వచ్చిన సరుకు గురించి అది ఏమీ చెప్పదు. ఆ పని ట్రాన్సాక్షన్ సర్టిఫికెట్‌ది. అమ్మినవారు, కొన్నవారు, లాట్ నంబరు, బరువు, ఇన్‌వాయిస్ నంబరు అందులో ఉంటాయి. ఏ దేశపు వ్యవస్థలో ఏ కాగితం తప్పనిసరో వేరువేరుగా ఉంటుంది. యూరోపియన్ యూనియన్‌కు వెళ్ళే సరుకైతే తనిఖీ సర్టిఫికెట్ సరుకు బయలుదేరేలోపే జారీ కావాలి. అమెరికాకు దిగుమతయ్యే ఆర్గానిక్ సరుకుకు 2024 మార్చి 19 నుంచి ఎలక్ట్రానిక్ దిగుమతి సర్టిఫికెట్ తప్పనిసరి.

స్కోప్ సర్టిఫికెట్ చేతికి రాగానే అడుగున ఉన్న సంతకం కన్నా ముందు అనుబంధం చూడండి. మీరు కొంటున్న సరుకు పేరు జాబితాలో ఉందా? 'నువ్వులు' అని ఉండి, మీకు పొట్టు తీసిన నువ్వులు అమ్ముతుంటే, పొట్టు తీసే యూనిట్ అదే సర్టిఫికెట్ కిందకు వస్తుందా? గడువు సరుకు పంపిన తేదీని దాటి ఉందా? చిరునామా ఇన్‌వాయిస్‌లోని చిరునామాతో కలుస్తోందా? ఆ తరువాత సరఫరాదారు పంపిన పీడీఎఫ్‌ను పక్కనపెట్టి, సర్టిఫికేషన్ సంస్థ వెబ్‌సైట్‌లోనో ప్రభుత్వ డేటాబేస్‌లోనో మీరే వెతకండి. అమెరికాకు ఆర్గానిక్ ఇంటిగ్రిటీ డేటాబేస్, యూరప్‌కు ట్రేసెస్, భారత్‌కు ట్రేస్‌నెట్ ఉన్నాయి. పీడీఎఫ్‌లో తేదీ మార్చడం అయిదు నిమిషాల పని. సస్పెండ్ అయిన సర్టిఫికెట్ కాగితం మీద ఎప్పుడూ నిక్షేపంగానే కనిపిస్తుంది.

చివరగా ఒక చిన్న గుణకారం చేయండి. సరఫరాదారు పేరిట నమోదైన విస్తీర్ణాన్ని ఆ పంటకు ఆ ప్రాంతంలో వచ్చే సగటు దిగుబడితో గుణించండి. వచ్చిన అంకె కన్నా ఎక్కువ సరుకు ఆయన ఒక్క మీకే అమ్ముతుంటే ఆ కొనుగోలు ఆపేయండి. 2017లో బయటపడిన ఒక పెద్ద మోసం ఈ కోవలోదే. ఉక్రెయిన్‌లో మామూలు సరుకుగా బయలుదేరిన సుమారు 16 వేల టన్నుల సోయా, టర్కీ మీదుగా కాలిఫోర్నియా చేరేసరికి ఆర్గానిక్‌గా మారిపోయింది. దారిలో సరుకు మారలేదు, కాగితాలు మారాయి. మధ్యవర్తులు ఎంతమంది ఉంటే అన్ని చోట్ల ఆ అవకాశం ఉంటుంది. అందుకే గోదాములో సరుకు ముట్టుకోని బ్రోకరు దగ్గర కూడా సర్టిఫికేషన్ అడగాలి.

తూకం లెక్క

ఈ ఒక్క పని సరిగా చేస్తే మిగతా లోపాలు చాలావరకు వాటంతటవే బయటపడతాయి. సూత్రం తేలిక. లోపలికి వచ్చిన ఆర్గానిక్ సరుకు, మొదటి నిల్వతో కలిపి, బయటికి వెళ్ళిన సరుకు, ఉప ఉత్పత్తులు, తరుగు, చివరి నిల్వల మొత్తానికి సమానం కావాలి.

గానుగ యూనిట్ ఉదాహరణ తీసుకుందాం. మూడు నెలల లెక్క. మొదటి నిల్వ 1,800 కిలోల నువ్వులు, కొన్నవి 11,400, చివరి నిల్వ 1,200. అంటే ఆడించినవి 12,000 కిలోలు. శుభ్రం చేసేటప్పుడు తరుగు 3 శాతం, అంటే 360 కిలోలు పోయి 11,640 మిగిలాయి. నూనె 40 శాతం చొప్పున 4,656 కిలోలు. తెలగపిండి 6,750 కిలోలు. మిగిలిన 234 కిలోలు మడ్డి, తేమ తరుగు. ఇక్కడిదాకా కిలోలే.

చాలామంది లెక్క తప్పేది దీని తరువాతే. అమ్మకం లీటర్లలో జరుగుతుంది. నువ్వుల నూనె సాంద్రత సుమారు 0.92. 4,656ను 0.92తో భాగిస్తే 5,060 లీటర్లు వస్తాయి. కిలోను లీటరుగా రాసుకునేవాళ్ళకు ఇక్కడే 400 లీటర్ల అబద్ధపు తేడా కనిపిస్తుంది. ఆ గందరగోళం చాటున నిజమైన తేడా కూడా దాక్కుంటుంది.

ఇప్పుడు అమ్మిన లీటరు సీసాలు, నిల్వ ఉన్న సీసాలు కలిపితే 5,400 తేలాయనుకోండి. 340 లీటర్లు ఎక్కువ. అంటే 313 కిలోల నూనె. వెనక్కి లెక్కిస్తే సుమారు 800 కిలోల నువ్వులు ఏ కాగితమూ లేకుండా లోపలికి వచ్చాయి. దీనికి జవాబు దొరికేవరకు ఆ కాలపు సరుకు బయటికి వెళ్ళకూడదు. లెక్కకు తక్కువ వచ్చినా వదిలేయవద్దు. ఆర్గానిక్ నువ్వులు మామూలు బ్యాచ్‌లో పడి ఉండవచ్చు. అలా పడ్డాయంటే అటువైపు నుంచి ఇటూ పడే దారి ఉన్నట్టే. తెలగపిండిని కూడా ఇదే పట్టికలో పెట్టండి. దాన్ని ఆర్గానిక్ పశువుల దాణాగా అమ్మేటప్పుడు ఎవరూ లెక్క అడగరన్న ధీమా చాలాచోట్ల ఉంటుంది.

దిగుబడి శాతాలను ఇంకొకరి దగ్గర అరువు తెచ్చుకోవద్దు. గింజలో నూనె, తేమ పంట కాలాన్ని బట్టి మారతాయి. కొత్త పంట రాగానే మీ యంత్రం మీద మూడు బ్యాచ్‌లు తూచి సగటు రాసిపెట్టుకోండి. ఆ సగటుకు 2 శాతం దాటి తేడా వస్తే కారణం రాయాలని నియమం పెట్టుకోవడం మంచిది. లెక్క ఏడాదికోసారి తనిఖీ ముందు కాకుండా నెలనెలా వేయాలి. పన్నెండు నెలల తేడాకు మూలం వెతకడం ఎవరి తరమూ కాదు.

దీనికి జోడీ, వెనక్కి నడిచే పరీక్ష. అల్మరాలోంచి ఒక సీసా తీసి, దాని లాట్ నంబరు పట్టుకుని బాట్లింగ్ రికార్డు, గానుగ రికార్డు, గోదాము రికార్డు, కొనుగోలు ఇన్‌వాయిస్, రైతు పేరు వరకు వెళ్ళండి. ఒక పూటలో పూర్తికాకపోతే రికార్డుల్లో ఎక్కడో గొలుసు తెగింది. ఎక్కువగా తెగేది రెండు సరఫరాల సరుకును ఒకే సైలోలో పోసినచోట. అలా పోస్తే కొత్త లాట్ నంబరు ఇచ్చి, అందులో కలిసిన పాత లాట్‌లన్నీ బరువులతో సహా రాయాలి. అమెరికా నిబంధనల్లో వార్షిక తనిఖీలో ఈ రెండు పరీక్షలూ భాగమే. రికార్డులు అయిదేళ్ళు ఉంచాలి.

గోదాము, యంత్రాలు

ఒకే యూనిట్‌లో రెండు రకాల సరుకూ నడిపేవాళ్ళకు అసలు ప్రమాదం కంటికి కనిపించని మూలల్లో ఉంటుంది. బకెట్ ఎలివేటర్ అడుగు, స్క్రూ కన్వేయర్ చివర, హాపర్ అంచులు. బయట ఎంత ఊడ్చినా అక్కడ కిలోలకు కిలోలు నిలిచిపోతాయి. ఊడ్చడం, వాక్యూమ్ చేయడం అయ్యాక కొంత ఆర్గానిక్ సరుకును నడిపించి, దాన్ని మామూలు సరుకుగా తీసేయాలి. ఎంత నడపాలో కొలిచి తేల్చుకోవచ్చు. యంత్రాన్ని ఒకసారి పూర్తిగా విప్పి నిలిచిన గింజను తూచండి, దానికి కొన్ని రెట్లు నడపండి, బయటికి వచ్చే సరుకులో పాత గింజ కనిపించని స్థాయిని రాసుకోండి. ఆ తీసేసిన కిలోలు కూడా తూకం లెక్కలోకి వెళ్ళాలి. ఆర్గానిక్ బ్యాచ్‌ను వారంలో మొదటి రోజు, శుభ్రం చేసిన వెంటనే నడిపితే ఈ బెడద సగం తగ్గుతుంది.

కడిగే రసాయనాల విషయంలో క్వాటర్నరీ అమ్మోనియం శానిటైజర్లు మొండివి. ఉపరితలాన్ని పట్టుకుని ఉండి, తరువాత సరుకులో అవశేషంగా తేలతాయి. తాగునీటితో కడిగి, టెస్ట్ స్ట్రిప్‌తో చూసి, ఫలితం రాయండి. క్లోరిన్ వాడితే చివరి కడుగు నీటిలో 4 పీపీఎం (పది లక్షల భాగాల్లో నాలుగు) దాటకూడదన్నది అమెరికా లెక్క.

పురుగు మందు ఇంకా పెద్ద చిక్కు. అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్ళలు, మిథైల్ బ్రోమైడ్, ఇథిలీన్ ఆక్సైడ్ ఇవేవీ ఆర్గానిక్ సరుకు మీద పనికిరావు. వాటికి బదులు ఫెరోమోన్ ఉచ్చులు, కార్బన్ డయాక్సైడ్ నింపిన గదులు, గడ్డకట్టే చలి వాడతారు. మీరు వాడకపోయినా కంటైనర్‌ను రేవులో ఫ్యూమిగేట్ చేస్తే, అంటే పురుగులు చావడానికి విషవాయువు పట్టిస్తే, మీ ఆర్గానిక్ హోదా అక్కడే పోతుంది. అందుకే 'ఆర్గానిక్, ఫ్యూమిగేషన్ చేయరాదు' అని బిల్ ఆఫ్ లేడింగ్ (సరుకు రవాణా పత్రం) మీదా బస్తాల మీదా రాయించాలి, రవాణా ఏజెంటుకు వేరుగా ఉత్తరం ఇవ్వాలి. లారీ ఇంతకుముందు ఏం మోసిందో, ఎలా శుభ్రం చేశారో డ్రైవర్ సంతకంతో తీసుకోవాలి. పాత ఎరువుల బస్తాల్లో సరుకు వస్తే దించుకోవద్దు.

పొలం వైపు ఒక మాట. పక్క చేను నుంచి గాలికి కొట్టుకొచ్చే మందుకు అడ్డుగా వదిలే పట్టీలో పండినదాన్ని వేరుగా కోసి మామూలు సరుకుగా అమ్మిన రికార్డు ఉందో లేదో అడగండి. మొక్కల కషాయం పేరుతో అమ్మే మందుల్లో రసాయన పురుగుమందు కలిపి ఉండటం తరచూ పట్టుబడే మోసం. రైతు నిజాయితీగా ఉన్నా లాట్ పోతుంది. రైతులు వాడే ప్రతి మందు ఆమోదిత జాబితాలో ఉందో చూడటంతో ఆగక, బ్యాచ్ నమూనాను పరీక్షించుకోవడం మేలు.

ల్యాబ్ రిపోర్టు ఏం చెబుతుంది, ఏం చెప్పదు

'500 పురుగుమందులకు పరీక్షించాం, ఏవీ లేవు' అన్న రిపోర్టు చూసి తృప్తి పడేవాళ్ళు ఎక్కువ. ఒకేసారి చాలా మందుల అవశేషాలు వెతికే ఆ మల్టీ రెసిడ్యూ పరీక్షలో గ్లైఫోసేట్ అనే కలుపుమందు సాధారణంగా ఉండదు. ఫాస్ఫీన్ (అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్ళల నుంచి వచ్చే వాయువు), ఇథిలీన్ ఆక్సైడ్, డైథయోకార్బమేట్‌లకూ (ఒక రకం తెగులు మందులు) వేరు పరీక్షలు అడగాలి. ఏ పంటకు ఏ మందు వాడే అలవాటుందో తెలుసుకుని పరీక్ష ఎంచుకోండి. డైథయోకార్బమేట్ పరీక్ష కార్బన్ డైసల్ఫైడ్‌ను కొలుస్తుంది. క్యాబేజీ జాతి కూరగాయల్లో గంధకం సహజంగానే ఉంటుంది కాబట్టి ఏ మందూ వాడకున్నా అంకె కనిపించవచ్చు. ఎండబెట్టిన సరుకులో అవశేషం చిక్కబడుతుంది. అయిదు కిలోల పచ్చిది ఎండి ఒక కిలో అయితే, కిలోకు 0.01 మిల్లీగ్రాములు ఉన్నది కిలోకు 0.05 అవుతుంది. ఈ గుణకం వేయకుండా లాట్‌ను తప్పుబట్టినా, ఒప్పుకున్నా తీర్పు తప్పే.

రసాయన ఎరువు వేశారా లేదా అన్నది ఏ పురుగుమందు పరీక్షా చెప్పదు. నత్రజని ఐసోటోపుల (బరువులో తేడా ఉన్న నత్రజని పరమాణువుల) నిష్పత్తి కొంత సూచన ఇస్తుంది. గాలిలోని నత్రజని నుంచి తయారైన యూరియాలో ఆ విలువ సున్నా దగ్గర, పశువుల ఎరువులో ఎక్కువగా ఉంటుంది. కానీ పప్పుధాన్యాలు తామే గాలి నుంచి నత్రజని తీసుకుంటాయి. వాటికి, పచ్చిరొట్ట వేసిన పొలాలకు ఈ పరీక్ష అక్కరకు రాదు.

నమూనాను ఒక బస్తా మూతి నుంచి తీయకండి. లాట్ అంతటా, పైనా మధ్యా అడుగునా బస్తాలో గుచ్చి గింజ తీసే గొట్టంతో పొడిచి తీసి, బాగా కలిపి, మూడు భాగాలు చేసి సీలు వేయండి. ఒకటి ల్యాబ్‌కు, ఒకటి మీకు, ఒకటి వివాదం వస్తే తెరవడానికి.

లేబుల్ మీది అంకె

శాతం లెక్కలో కలిపిన నీరు, ఉప్పు రెండువైపులా తీసేయాలి. 100 కిలోల మిశ్రమంలో నీరు 10, ఉప్పు 1 ఉంటే మిగిలేది 89. అందులో ఆర్గానిక్ 85 కిలోలైతే 95.5 శాతం. 84 కిలోలైతే 94.4 శాతం, అంటే 95 శాతం హద్దును అందుకోలేదు. అమెరికాలో 95 శాతం ఉంటేనే 'ఆర్గానిక్', 70 ఉంటే 'ఆర్గానిక్ పదార్థాలతో చేసినది'. శాతాన్ని ముద్రిస్తే కిందికే సవరించాలి. యూరప్‌లోనూ ప్రధాన హద్దు 95 శాతమే, కానీ అక్కడ ఆ 70 శాతం తరగతి లేదు. ఒకే పదార్థాన్ని ఆర్గానిక్‌దీ మామూలుదీ కలిపి వాడటం రెండుచోట్లా కుదరదు. యూరప్ ఆకు గుర్తు వాడితే నియంత్రణ సంస్థ కోడ్, పంట ఏ ప్రాంతంలో పండిందో రాయాలి. అమెరికాలో తయారీదారు వివరాల కింద సర్టిఫికేషన్ సంస్థ పేరు ఉండాలి.

లేబుల్ రోల్‌ను డబ్బు కట్టలా తాళం వేసి ఉంచండి. ఎన్ని వచ్చాయి, ఎన్ని అతికించారు, ఎన్ని చిరిగాయి, ఎన్ని మిగిలాయి అన్నది బ్యాచ్ వారీగా కలవాలి. సీసాల సంఖ్య, లేబుళ్ళ సంఖ్య కలవకపోతే తూకం లెక్కలో కనిపించని తేడా ఇక్కడ దొరుకుతుంది. సర్టిఫికేషన్ సంస్థ మారినా, ఫార్ములా మారినా పాత రోళ్ళను లెక్కపెట్టి, చించి, ఇద్దరు సంతకం చేయాలి.

అనుమానం వచ్చినప్పుడు

ఆ లాట్‌కు ఎర్ర ట్యాగు కట్టి వేరే చోటికి తరలించండి. అమ్మకం ఆపండి. అదే లాట్‌లోంచి ఏమేం తయారై ఎవరికి వెళ్ళాయో జాబితా తీయండి. సర్టిఫికేషన్ సంస్థకు వెంటనే రాతపూర్వకంగా తెలపండి. యూరప్ నిబంధనల్లో అనుమానం తీరేవరకు సరుకు బయటికి పంపకూడదు. అనుకూలమైన ఫలితం వచ్చేదాకా ల్యాబ్‌లు మార్చి మళ్ళీ మళ్ళీ పరీక్ష చేయించడం పెద్ద తప్పు. మొదటి రిపోర్టు కూడా ఫైల్లో ఉండాల్సిందే. మీకు మీ సరఫరాదారు మీద అనుమానమైతే ఆయన సర్టిఫికేషన్ సంస్థకే ఫిర్యాదు పంపండి. లాట్ నంబరు, ఇన్‌వాయిస్, తూకం చీటీ, సీలు వేసిన నమూనా ఫొటో జతచేస్తే వాళ్ళు విచారణ మొదలుపెట్టడానికి ఆధారం దొరుకుతుంది. కారణం తేలాక ఆ లాట్‌ను మామూలు సరుకుగా అమ్మితే, ఆర్గానిక్ నిల్వ నుంచి ఆ కిలోలను అదే రోజు తీసి రాయండి.