యాభై దాటాక కష్టమైన విద్యను ఆరంభించేవారికి

వయొలిన్ గానీ, కొత్త భాష గానీ, ప్రోగ్రామింగ్ గానీ యాభై ఏళ్ళు దాటాక మొదలుపెట్టదలచినవారు ముందుగా ఒక సంగతి గ్రహించాలి: వయసుతో వేగం మందగిస్తుంది గానీ నేర్చుకొనే శక్తి అడుగంటదు. జర్మనీలో 50 నుండి 67 ఏళ్ళ మధ్య వయసువారి చేత మూడు బంతులను వరుసగా ఎగరవేసి పట్టే విద్యను మూడు నెలలు సాధన చేయించిన పరిశోధకులు, వారి మెదడులోని కొన్ని భాగాలలో గ్రే మ్యాటర్ (నాడీకణాలు దట్టంగా ఉండే కణజాలం) పెరిగిందని 2008లో ప్రకటించారు. సాధన మానేశాక ఆ పెరుగుదల తగ్గిపోయింది. కాబట్టి ఎడతెగని సాధన సాగేలా రోజును అమర్చుకోవడమే మొదటి పని.

ఆదివారం మూడు గంటలు కూర్చోవడం కన్నా ప్రతిరోజూ ఇరవై ఐదు నిమిషాలు కూర్చోవడం మేలు. నేర్చినదానిలో ఎక్కువ భాగం తొలి గంటల్లోనే జారిపోతుందని జర్మన్ మనస్తత్వ శాస్త్రవేత్త ఎబ్బింగ్‌హౌస్ 1885లోనే తనపై తాను ప్రయోగాలు చేసుకొని చూపాడు. అందుచేత కొత్త పాఠాన్ని మరునాడు ఒకసారి, మూడు రోజుల తరువాత ఒకసారి, వారం తరువాత మరొకసారి తిరగేయాలి. తిరగేయడమంటే మళ్ళీ చదవడం కాదు. పుస్తకం మూసి, గుర్తున్నదంతా కాగితం మీద రాసి, తప్పిన చోటును మాత్రమే తెరిచి చూడాలి.

సాధనలో పెద్దవారు తరచుగా చేసే పొరపాటు, నా దృష్టిలో, వచ్చినదాన్నే పదేపదే వాయించి సంతృప్తి పడడం. పాటలో నాలుగు స్వరాల దగ్గర వేలు తడబడుతుంటే, పాట మొత్తాన్ని మొదటి నుండి వాయించకుండా ఆ నాలుగింటినే వేరుచేసి, తప్పు దొర్లనంత నెమ్మదిగా వాయించి, అవి కుదిరాక ముందు వెనుకల స్వరాలతో కలపాలి. ముప్పై ఏళ్ళు ఒక వృత్తిలో ఆరితేరిన మనిషికి ఇలా ఓనమాల దగ్గర తడబడడం ఎంతో బాధగా ఉంటుంది. మతిమరుపు కన్నా ఈ బాధే ఎక్కువమందిని మధ్యలో ఆపేస్తుందని నా నమ్మకం. అందుకని పక్కనున్న యువకులతో పోల్చుకోకుండా, పదిహేను రోజులకొకసారి అదే పాటను రికార్డు చేసి, పాత రికార్డుతో పోల్చి వినండి.

శరీరాన్నీ లెక్కలోకి తీసుకోండి. చదివే కళ్ళద్దాలు స్వరాల స్టాండు దూరానికి సరిపోకపోవచ్చు. ఆ దూరాన్ని కొలిచి వైద్యునికి చెప్పి వేరే అద్దాలు చేయించుకోవాలి. మణికట్టు నొప్పెడితే ఆ రోజుకు ఆపేయాలి. నిద్ర తగ్గించుకొని సాధన చేయకూడదు, ఎందుకంటే పగలు నేర్చినది నిద్రలో మరింత స్థిరపడుతుంది.

అనారోగ్యం వల్లనో ఇంటి బాధ్యతల వల్లనో కొన్ని వారాలు విరామం వస్తే, ఆపిన చోటు నుండి కాక, అంతకు రెండు మూడు పాఠాల వెనుక నుండి మొదలుపెట్టండి. ఒకసారి నేర్చి మరచినదాన్ని తిరిగి నేర్చుకోవడానికి మొదటిసారి కన్నా తక్కువ సమయమే పడుతుంది.