వ్యానులో పడక – మూడో పాఠం: పొడుగువారి కాళ్లకు చోటు

గత పాఠంలో మంచం చట్రం బిగించి పైన ప్లైవుడ్ పరిచాం. ఈ పాఠం ఆరడుగులు దాటినవారి కోసం. రాత్రంతా మోకాళ్లు ముడుచుకుని పడుకున్న మనిషి తెల్లవారి అనంతగిరి ఘాట్ రోడ్డులో బండి నడపకూడదు. అందుకే ఈ ఒక్క పనికే పాఠమంతా కేటాయిస్తున్నాను.

ముందు కొలత. గోడకు ఆనుకుని నిలబడి తీసిన కొలత ఇక్కడ చాలదు. వెల్లకిలా పడుకుంటే పాదాలు ముందుకు వాలతాయి, తలగడకూ కొంత చోటు కావాలి. చాప మీద తలగడతో సహా పడుకుని, తల దగ్గర ఒకటి, కాలివేళ్ల దగ్గర ఒకటి సుద్దగీతలు గీయించుకోండి. ఎత్తు మీద పది పన్నెండు సెంటీమీటర్లు పెరుగుతుంది. 188 సెం.మీ. మనిషికి, అంటే ఆరడుగుల రెండంగుళాలవారికి, 200 సెం.మీ. పడక కావాలి.

మనం ఉదాహరణగా తీసుకున్న మంచం 172 సెం.మీ. పొడవు, 120 వెడల్పు. ఐమూలగా పడుకుంటే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. టేపు పెడితే ఐమూల దాదాపు 210 చూపిస్తుంది. ఆ అంకెను నమ్మకండి. టేపుకు వెడల్పు లేదు. తలకూ పాదాలకూ ఉంది. వాటికి 25 సెం.మీ. వెడల్పు చొప్పున వదిలితే మిగిలేది సుమారు 187 మాత్రమే. ఐదడుగుల తొమ్మిదంగుళాల మనిషి ఒంటరిగా పడుకోవడానికి అది చాలు. పక్కన ఇంకొకరుంటే అదీ కుదరదు.

వెనుక తలుపు కోసి పెట్టె కట్టించే ఆలోచన మానుకోండి. తయారీదారు నిర్దేశించిన వివరాలకు భిన్నంగా బండిని మార్చడానికి 1988 మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ ఒప్పుకోదు. చోటు లోపలే వెతకాలి.

ఆ చోటు ముందు సీటు వెనుక ఉంది. సీటును ముందుకు జరిపి, దాని వీపును ముందుకు వంచితే 30 సెం.మీ. ఖాళీ వస్తుందేమో కొలవండి. వస్తే మంచం 202 అవుతుంది. పాదాలకు కావలసింది చోటే, వాటి బరువు తక్కువ. కాబట్టి కింద కాళ్లు లేకుండా సొరుగులా జారే పలక చాలు. డ్రైవరు సీటు వైపు మాత్రం పలక పెట్టవద్దు. అర్ధరాత్రి బండి కదపవలసి వస్తే ఆ సీటు ఖాళీగా ఉండాలి. పొడుగు మనిషి ఎడమవైపు పడుకుంటారు.

12 మి.మీ. ప్లైవుడ్‌లో 60 సెం.మీ. చదరపు ముక్క కోయించండి. సగం బయటికి వస్తుంది, సగం చట్రం కిందే ఉండి పట్టు ఇస్తుంది. ఇరువైపులా చట్రం అడుగున రీపర్లు (సన్నని చెక్క పట్టీలు) బిగించి, వాటి మీద పలక జారేలా అమర్చండి. కొవ్వొత్తి రుద్దితే సులువుగా కదులుతుంది. లోపలి చివర చిన్న చెక్కముక్క బిగించకపోతే పలక మొత్తం ఊడి చేతికొస్తుంది. విశాఖ ఉప్పుగాలిని దృష్టిలో పెట్టుకుని ఐఎస్ 710 (మెరైన్ ప్లైవుడ్‌కు భారతీయ ప్రమాణం) గుర్తున్న, నీటికి తట్టుకునే మెరైన్ ప్లైవుడ్, స్టెయిన్‌లెస్ స్టీల్ స్క్రూలే కొనండి. కోసిన అంచులకు వార్నిష్ రెండు పూతలు వేయండి, తేమ ముందుగా చొరబడేది అక్కడే.

ఇక పరుపు. పలక మంచం కన్నా దిగువన ఉంటుంది కనుక, దాని మీద వేసే ఫోమ్ ముక్క ఆ తేడా మేరకు మందంగా ఉండాలి. అరచేత్తో అతుకును తడిమి చూడండి. పాదాల వైపు మెట్టులా పైకి లేస్తే మోకాళ్లు వెనక్కి వంగి నొప్పి పుడుతుంది. ఒక సెంటీమీటరు దిగినా ఫరవాలేదు. మన కొలతల్లో అతుకు పిక్కల చివరకు వస్తుంది, మోకాలి కిందికి రాదు. ఫోమ్ కింద పలుచని కొబ్బరి పీచు పొర వేస్తే గాలి ఆడి, చెమ్మ పట్టదు.

భీమిలి రోడ్డులో ఏటవాలు చోట బండి ఆపితే తల ఎత్తువైపు పెట్టుకోవడం మంచిదే, కానీ వాలు ఎక్కువైతే ఒళ్లు జారి పాదాలు సీటుకు తన్నుకుంటాయి. పల్లంవైపు చక్రాలను చెక్కదిమ్మల మీదికి ఎక్కించి, చేతిబ్రేకు వేసి, చక్రాలకు అడ్డుగా రాళ్లు పెట్టండి.

వచ్చే పాఠంలోగా ఈ పలక మీద ఒక రాత్రి పడుకుని, పాదాలకు ఏదైనా తగులుతుంటే ఆ చోట సుద్దతో గుర్తు పెట్టుకోండి. నాలుగో పాఠంలో కిటికీలకు దోమతెరలు బిగిద్దాం.