సీ డ్రైవ్ ఎర్రగయిందా? డిలీట్ కొట్టేముందు జర ఆగుండ్రి

మొన్న దేవరకొండ దిక్కున్న మా చుట్టాలపిల్ల ఫోన్ చేసింది, ఒకటే ఏడుపు. ల్యాప్‌టాప్‌ల సీ డ్రైవ్ నిండి గీత ఎర్రగయిందని క్లాస్‌మేట్ ఎవరో "నేన్ చేస్త తియ్" అని సాఫ్ చేసిండట, డిగ్రీ ప్రాజెక్ట్ రిపోర్ట్ పోయింది, రీసైకిల్ బిన్‌ల గూడ లేదు. విండోస్ 10కి 2025 అక్టోబర్ 14తోని సపోర్ట్ బందయినకాన్నుంచి అందరు 11 మీద పడ్డరు, దానికి జాగ సరిపోదంటది, ఇగ దొరికింది దొరికినట్టు లేపేస్తున్నరు.

వాడని యాప్స్ తీసెయ్యాలె, బిన్ ఖాళీ చెయ్యాలె, గివన్ని అందరికి ఎరికే.

నేను జెప్పేది ఒక్కటే. టెంపరరీ ఫైల్స్‌ల 'డౌన్‌లోడ్స్' మీద టిక్కు పెట్టొద్దు.

సెట్టింగ్స్‌ల సిస్టమ్, దాంట్ల స్టోరేజ్, దాంట్ల టెంపరరీ ఫైల్స్ అని ఉంటది. నొక్కితె లిస్ట్ వస్తది, థంబ్‌నెయిల్స్, డెలివరీ ఆప్టిమైజేషన్, పాత అప్‌డేట్ ఫైల్స్, వాటి నడుమ డౌన్‌లోడ్స్ సప్పుడు చేయకుండ కూసుంటది. పేజీ పేరేమో టెంపరరీ, గని అది మీ సొంత ఫోల్డరే. దానికి టిక్కు ముందే ఉండదు, పక్కన పెద్ద నంబర్ చూసి ఆశపడి మనమే పెడ్తం. క్రోమ్‌ల తీసినయి, వాట్సాప్ వెబ్‌ల వచ్చినయి అన్ని పడేది ఆడనే. ఈ పిల్ల గూడ సార్ దిద్ది పంపిన ఫైల్‌ను ఆన్నే తెరిచి దాంట్లనే రాసుకుంట పోయింది. ఇన్‌కమ్ సర్టిఫికెట్ అంటే మీసేవల మల్ల తీసుకోవచ్చు, రాసిన రిపోర్ట్ ఏడికెల్లి తెస్తరు? ఆడ రిమూవ్ నొక్కితె బిన్‌కు పోదు, సీదా పోతది. ఇప్పటి ల్యాప్‌టాప్‌లల్ల ఉండే ఎస్ఎస్‌డీ డిస్క్ అయితె ఇంక కష్టం, ట్రిమ్ అని ఒకటుంటది, డిలీటయిన జాగను అదే సాఫ్ చేసిపెడ్తది, రికవరీ అని పైసలు పెట్టినా వచ్చేది డౌటే.

అందుకే ముందుగాల ఏది తింటుందో చూడాలె. ఏ ఫోల్డర్ ఎంత జాగ తింటుందో చూపే విజ్‌ట్రీ గని విన్‌డిర్‌స్టాట్ గని వాళ్ల సొంత సైట్ నుంచే దించుకోని, రైట్ క్లిక్ చేసి అడ్మినిస్ట్రేటర్‌గ నడపండి, లేకపోతె కొన్ని ఫోల్డర్లు లెక్కకే రావు. పెద్దయి పైకొస్తయ్. యాప్స్ తమ డేటా దాచుకునే యాప్‌డేటా ఫోల్డర్‌ల వాట్సాప్ వీడియోలు, ఎన్నడో పెట్టిన గేమ్, ఫోన్ బ్యాకప్, సగం మందికి దొంగ ఈన్నే దొరుకుతది. 256 జీబీ డిస్క్ 238 అని చూపిస్తె మాత్రం ఎవ్వడు తినలే, కంపెనీ లెక్క వేరు, విండోస్ లెక్క వేరు.

ఇగ మిగిలినయి.

విన్‌ఎస్ఎక్స్ఎస్ ఫోల్డర్ ముట్టకుండ్రి, అది విండోస్ సొంత ఫైల్స్ ఉండే తావు. ఒకే ఫైల్ రెండు మూడు తావుల లెక్కకొచ్చి ఉన్నదానికంటె పెద్దగ కనిపిస్తది, అంతే.

విండోస్‌ల ఇన్‌స్టాలర్ ఫోల్డర్ అసలే ముట్టొద్దు. తర్వాత కొన్ని సాఫ్ట్‌వేర్లు తీసేద్దామన్నా పోవు, అప్‌డేట్ కావు.

హైబర్నేట్ కోసం విండోస్ పెట్టుకునే హైబర్‌ఫిల్ ఫైల్ పెద్దగుంటె హైబర్నేట్ బంద్ చేయండి, అదే పోతది. ర్యామ్ సాలనప్పుడు విండోస్ వాడుకునే పేజ్‌ఫైల్ జోలికి పోవద్దు.

అప్‌గ్రేడ్ అయినంక పాత విండోస్ ఉండే 'విండోస్ డాట్ ఓల్డ్' ఫోల్డర్ 10 రోజులకు అదే పోతది, కొత్త విండోస్ మంచిగ నడిచేదాంక ఉండనియ్యండి.

వన్‌డ్రైవ్ ఫోల్డర్‌ల డిలీట్ కొడితె ఫోన్‌ల గూడ పోతది. రైట్ క్లిక్ చేసి 'ఫ్రీ అప్ స్పేస్' నొక్కండి, ఫైల్ ఆన్‌లైన్‌ల ఉంటది, డిస్క్‌ల జాగ ఖాళీ అయితది.

షిఫ్ట్ డిలీట్ వద్దు, అది గూడ బిన్‌కు పోదు.

ఊరు పేరు లేని క్లీనర్లు వద్దు.

తనంతట తానే సాఫ్ చేసే స్టోరేజ్ సెన్స్ ఆన్ ఉంటె లోపటికి పోయి డౌన్‌లోడ్స్ కాడ 'నెవర్' ఉందో లేదో ఇప్పుడే చూడండి. అవ్, మల్ల డౌన్‌లోడ్సే, ఇంకో రూపంల.

వేరేటోళ్ల చేతికి ల్యాప్‌టాప్ ఇస్తె పక్కనే కూసోండి, వాడు టిక్కు పెట్టేకాడ వేలు పట్టుకోండి.

రీసెట్ చేస్తనంటె డిస్క్ తాళం తీసే బిట్‌లాకర్ కీ కాయితం మీద రాసుకున్నంకనే ఇయ్యుండ్రి.